బుల్లి కుక్కల మెడలో పుట్టుకతో వచ్చే లోపం: గుర్తించడం ఎలా? ఆపరేషన్ ఎప్పుడు?

పామరేనియన్, చివావా, టాయ్ పూడుల్, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి బుల్లి జాతి కుక్కల్లో కొన్నింటికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పుట్టుకతోనే పట్టు ఉండదు. దీన్నే అట్లాంటోయాక్సియల్ అస్థిరత అంటారు. కుక్కల్లో ఈ సమస్య గురించి 1967లో పశువైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

ఏం జరుగుతుంది?

ఈ రెండు పూసల మధ్య డిస్క్ ఉండదు. రెండో పూస నుంచి ముందుకు పొడుచుకొచ్చే పన్నులాంటి ఎముక, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లే ఆధారం. ఆ ఎముక లేకపోయినా, సరిగ్గా ఎదగకపోయినా తల వంచినప్పుడు రెండో పూస పైకి లేస్తుంది. వెన్నుపాము నలుగుతుంది.

లక్షణాలు ఎక్కువగా రెండేళ్లలోపే బయటపడతాయి. మంచం మీంచి దూకినా చాలు. మెడ తాకితే అరవడం, తూలుతూ నడవడం, కాళ్లు చచ్చుబడటం కనిపిస్తాయి. తీవ్రమైతే ఊపిరి ఆగిపోవచ్చు.

నిర్ధారణ

పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో రెండు పూసల పైభాగాల మధ్య ఎడం పెరిగి కనిపిస్తుంది. ఆ ఎడం చూడటానికి మెడను బలంగా వంచితే ప్రాణానికే ముప్పు. ఎముక ఆకారం సీటీలో, వెన్నుపాముకు జరిగిన నష్టం ఎంఆర్‌ఐలో తెలుస్తాయి.

చికిత్స

నొప్పి మాత్రమే ఉంటే మెడకు కట్టు వేసి, కొన్ని వారాలు బోనులో కదలకుండా ఉంచి చూస్తారు. కట్టు తీశాక సమస్య తిరగబెట్టవచ్చు. నడక దెబ్బతింటే సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు. గొంతు వైపు నుంచి కోసి, పూసలను సరిచేసి, స్క్రూలు లేదా పిన్నులు, ఎముక సిమెంటుతో బిగిస్తారు. ఎముకలు మరీ చిన్నవి, పక్కనే వెన్నుపాము. అందుకే ఆపరేషన్‌లోనూ ప్రాణాపాయం ఉంది. చిన్న వయసులో, లక్షణాలు ముదరకముందే చేస్తే ఫలితం మెరుగు.

బీజాపూర్ నుంచి బయలుదేరితే

రైలు మార్గం లేని బీజాపూర్ జిల్లాలో అసలు గండం ప్రయాణమే. పశువైద్య కళాశాలలున్న దుర్గ్ దగ్గరి అంజోరాకు వెళ్లినా, భోపాలపట్నం మీదుగా హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌కు వెళ్లినా వందల కిలోమీటర్లు రోడ్డు మీదే. దారిలో ప్రతి కుదుపూ మెడ మీదే పడుతుంది. కాబట్టి ముందు స్థానిక పశువైద్యుడితో తల నుంచి ఛాతీ దాకా కట్టు వేయించాలి. మెడపట్టీ తీసేయాలి. కదలడానికి వీల్లేని చిన్న పెట్టెలో, కింద గట్టి పలక ఉంచి తీసుకెళ్లాలి. మనుషులు వాడే ఐబుప్రోఫెన్ కుక్కలకు విషం, ఇవ్వకూడదు. వెళ్లే ముందే ఫోన్ చేసి సీటీ, ఎంఆర్‌ఐ, వెన్నెముక ఆపరేషన్ అక్కడ చేస్తారో లేదో కనుక్కోవాలి. లేకపోతే అదే మెడతో మరో ఊరికి మరో ప్రయాణం తప్పదు.