దవడ కీలు పగుళ్లు – శస్త్రచికిత్స చరిత్ర

కింది దవడ రెండు కొసలూ చెవుల ముందు పుర్రెతో కలిసేచోట దవడ కీళ్లు ఉంటాయి. కొసన ఉండే గుండ్రని తలను, దాని కింది సన్నని మెడను కలిపి కండైల్ అంటారు. గడ్డం నేలకు కొట్టుకునేలా పడినప్పుడు దెబ్బ బలం పైకి పాకి ఈ మెడ దగ్గర ఎముక విరుగుతుంది. గడ్డం కింద చర్మం చిట్లినవాళ్లకు చెవి ముందు కూడా తడిమి చూసేది అందుకే. ఒకవైపే విరిగితే నోరు తెరిచినప్పుడు గడ్డం ఆ వైపుకు ఒరుగుతుంది. రెండువైపులా విరిగితే దంతాల్లో వెనకవి ముందే ఆని, ముందు పళ్లు కలవక సందు మిగిలిపోతుంది. కింది దవడ పగుళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఈ భాగంలోనివే.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు గ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో, జారిన దవడను బొటనవేళ్లు నోట్లో పెట్టి సర్దే పద్ధతి ఉంది. దవడ విరిగితే కదిలిన పళ్లను బంగారు తీగతోనో నారదారంతోనో కట్టాలని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలు చెప్పాయి. 1887లో అమెరికా వైద్యుడు థామస్ గిల్మర్ పై పళ్లను, కింది పళ్లను తీగలతో బిగించే పద్ధతిని స్థిరపరిచాడు. పళ్లు సరిగ్గా కలిస్తే దవడ దానంతటదే దారికి వస్తుందన్నది ఇందులోని సూత్రం. రోగి వారాల తరబడి నోరు మూసుకుని ద్రవాహారంతో గడపాలి. కండైల్ విరిగినా అప్పట్లో ఇదే చికిత్స.

1895లో ఎక్స్‌రే రావడంతో లోపల ముక్క ఎటు ఒరిగిందో కంటికి కనిపించసాగింది. కండైల్‌ను పట్టి ఉండే ఒక కండరం విరిగిన తలను ముందుకు, లోపలికి గుంజుతుంది. పళ్లకు ఎన్ని తీగలు కట్టినా అది వెనక్కి రాదు. 1920లలో కొందరు సర్జన్లు నేరుగా అక్కడికే చేరేందుకు ప్రయత్నించారు. 1925లో సిల్వర్‌మన్ నోటి లోపలి నుంచి ముక్కను సరిచేసే ఆపరేషన్‌ను ప్రచురించాడు. టొరంటోకు చెందిన ఫుల్టన్ రిస్డన్ 1934లో వివరించిన దవడ అంచు కింది కోత ఇప్పటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది.

అయినా చాలామంది కత్తి పట్టలేదు. కనురెప్ప మూతను, నుదుటి ముడతను, పెదవి కదలికను నడిపించే ముఖనాడి కొమ్మలు కీలు చుట్టూనే అల్లుకుని ఉంటాయి. ఒక కొమ్మ తెగితే ముఖం శాశ్వతంగా వంకరపోవచ్చు. 180 కేసులను పరిశీలిస్తూ 1952లో మాక్లెనన్ రాసిన వ్యాసం కోతలేని చికిత్సకు బలమిచ్చింది. ఆనాటి సర్జన్ల జంకులో న్యాయముంది: ముక్కను చోటులోకి తెచ్చినా దాన్ని నిలబెట్టే నమ్మకమైన సాధనం వాళ్ల దగ్గర లేదు.

ఆ లోటును చిన్న ప్లేట్లు తీర్చాయి. 1973లో మిషెలే, 1978లో స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన మాక్సిమ్ షాంపీ వీటిని ప్రచారంలోకి తెచ్చారు. వాటితో ఆపరేషన్ సాగే తీరు ఇది. దవడ వెనక అంచు పక్కన కోత పెట్టి, నాడి కొమ్మలను వెతికి పక్కకు ఒత్తిపెడతారు. దవడ మూలను కిందికి లాగి, దొరికిన సందులోంచి ఒరిగిన ముక్కను పట్టి నిలబెడతారు. పళ్ల పొందిక చూసుకుని ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. ఒక్క ప్లేటు విరిగే ప్రమాదం ఉంది కనుక రెండు ప్లేట్లు గానీ, కీలుపై పడే ఒత్తిడి రేఖలకు తగినట్లు చేసిన నాలుగు పలకల ఆకారపు ప్లేటు గానీ వేస్తారు. 1990ల చివర ఎండోస్కోప్ రావడంతో నోటిలోపలి దారి మళ్లీ తెరుచుకుంది.

ఎవరికి ఆపరేషన్ తప్పదో 1983లో జైడ్, కెంట్ తేల్చి చెప్పారు. కండైల్ పుర్రె లోపలికి దూసుకుపోయినా, కీలులో తూటా వంటిది ఇరుక్కున్నా, తీగలతో పళ్లు కలవకపోయినా తెరవాల్సిందే. అసలు వాదం మధ్యరకం పగుళ్ల మీదే నడిచింది. 2006లో ఎకెల్ట్ బృందం వెలువరించిన బహుళ కేంద్రాల పరీక్షలో రెండు పద్ధతులూ ఆమోదయోగ్యంగానే ఉన్నా, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల నోరు సగటున 47 మిల్లీమీటర్లు, మిగతావాళ్లది 41 మిల్లీమీటర్లు తెరుచుకుంది.

పిల్లల విషయంలో మాత్రం పాత పద్ధతికే మొగ్గు. ఎదిగే ఎముక తన ఆకారాన్ని తానే దిద్దుకుంటుంది. కట్టు ఎక్కువ రోజులు ఉంచితే కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోదు, గడ్డం ఎదుగుదల కుంటుపడుతుంది. అందుకే వాళ్లకు తీగలు త్వరగా తీసేసి నోరు తెరిచే వ్యాయామం మొదలుపెడతారు. ఎదుగుదల పూర్తయ్యేదాకా పరీక్షలు కొనసాగిస్తారు.