గోందార్ కొండల్లో ఇజ్రాయెల్ ఇంటివారు

1867లో జోసెఫ్ హలేవీ అనే పండితుడు ఉత్తర ఇథియోపియా కొండల్లోకి బయల్దేరాడు. పారిస్‌లోని యూదుల సంస్థ అలయాన్స్ ఇజ్రాయెలీట్ యూనివర్సెల్ ఆయన్ని పంపింది. అక్కడి పల్లెల్లో తానూ యూదుణ్నేనని చెప్పుకుంటే ఎవరూ నమ్మలేదు. తెల్లతోలు యూదులుంటారని ఆ ఊళ్లవాళ్లు ఎన్నడూ వినలేదు. మతం మార్చడానికి వచ్చిన మరో మిషనరీ కాబోలని అనుమానించారు. జెరూసలేం ఊసు ఎత్తాక గానీ వాళ్ల మనసు కుదుటపడలేదు. భూమ్మీద మిగిలిన యూదులు తామేనని అంతవరకూ వాళ్ల నమ్మకం.

వాళ్లు తమను బేత ఇజ్రాయెల్ అని, అంటే ఇజ్రాయెల్ ఇంటివారమని చెప్పుకుంటారు. ఇరుగుపొరుగు క్రైస్తవులు మాత్రం ఫలాషాలన్నారు. పరాయివాళ్లు, నేల లేనివాళ్లు అన్న చులకన ఉన్న పేరు కావడంతో ఇప్పుడు దాన్ని సాధారణంగా వాడరు. టానా సరస్సుకు ఉత్తరాన గోందార్, సెమియన్ పర్వతాలు, తిగ్రాయ్ వరకు చిన్న చిన్న పల్లెల్లో విస్తరించిన ఈ జనాన్ని బయటివారు శతాబ్దాలుగా అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటే: మీరు నిజంగా యూదులేనా? ఆ ప్రశ్న వారిచేత ఎంత మూల్యం చెల్లింపజేసిందో చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

వారి పుట్టుక గురించి గాథలు చాలా ఉన్నాయి. సొలొమోను రాజుకూ షేబ రాణికీ పుట్టిన మెనెలిక్ వెంట జెరూసలేం పెద్దల కొడుకులు తరలివచ్చారని ఒక కథ. ఉత్తర ఇజ్రాయెల్‌లోని దాను గోత్రం వారే దక్షిణానికి వలస వచ్చారని మరొకటి. తొమ్మిదో శతాబ్దపు యాత్రికుడు ఎల్దాద్ హా-దానీ ఈ రెండో కథను యూదు లోకంలో ప్రచారం చేశాడు. పదహారో శతాబ్దంలో ఈజిప్టు రబ్బీ డేవిడ్ బెన్ జిమ్రా కూడా వీరు దాను గోత్రీకులేనని తీర్పు చెప్పాడు.

ఆధునిక చరిత్రకారుల్లో చాలామంది మాట వేరు. నాలుగో శతాబ్దంలో అక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవం స్వీకరించాడు. ఆ ఇథియోపియా క్రైస్తవంలోనే శనివారపు విశ్రాంతి, ఎనిమిదో రోజు సున్తీ, తినదగినవీ తినకూడనివీ అన్న నియమాలూ ఉన్నాయి. ఆ నేలమీదే, పద్నాలుగు పదహారు శతాబ్దాల మధ్య, రాజ్యాన్నీ చర్చినీ ఎదిరించిన జనం బేత ఇజ్రాయెల్‌గా రూపుదిద్దుకున్నారని వారి వాదన. జన్యు పరిశోధనలు కూడా వీరిని ఇరుగుపొరుగు ఇథియోపియన్లకే దగ్గరగా చూపాయి. దీనివల్ల వారి యూదుతనానికి వచ్చిన లోటేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. ఒక మతాన్ని వంశం నుంచి అందుకోవడం సులువు; దానికోసం భూమినీ ప్రాణాన్నీ వదులుకుని తరతరాలుగా నిలబెట్టుకోవడం అంత సులువు కాదు.

వారు వదులుకున్నది నిజంగా భూమినే. 1332 నాటి అమ్ద సెయోన్ రాజు దండయాత్రల వృత్తాంతంలో యూదుల వంటి తిరుగుబాటుదార్ల ప్రస్తావన ఉంది. 1414 నుంచి 1429 వరకు ఏలిన యెష్హాఖ్ వారిని ఓడించి, బాప్తిస్మం పొందినవారికే తండ్రుల భూమి దక్కుతుందని శాసించాడు. మతం మారనివారు సొంత పొలంలోనే కౌలుదారులయ్యారు. అయినా సెమియన్ కోటల్లో యుద్ధం ఆగలేదు. సర్స దెంగెల్ రాజు కాలంలో, ఆ తర్వాత సుసెనియోస్ రాజు కాలంలో రక్తం ఏరులై పారింది. 1620లలో వారి చివరి నాయకుడు గిదియోను హతుడవడంతో స్వతంత్ర పాలన ముగిసింది. ఈ యుద్ధాల గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా గెలిచిన రాజుల ఆస్థాన లేఖకులు రాసిపెట్టిందే.

నేల పోయాక చేతిపని మిగిలింది. మగవాళ్లు కమ్మరులు, నేతగాళ్లు, తాపీ పనివాళ్లు అయ్యారు; ఆడవాళ్లు కుండలు చేశారు. ఫాసిలిదెస్ రాజు 1636 ప్రాంతంలో రాజధానిగా చేసుకున్న గోందార్‌లోని కోటల నిర్మాణంలో వారి శ్రమ ఉంది. ఇరుగుపొరుగువాళ్లు నాగటి కర్రు, ఈటె మొన, వంట కుండ వారి దగ్గరే కొనేవారు. అయినా నిప్పుతో పనిచేసే వాళ్లకు దిష్టి శక్తి ఉందనీ, రాత్రిళ్లు హైనాలుగా మారతారనీ భయపడేవారు. పంటకు రోగమొచ్చినా, బిడ్డ జబ్బుపడినా నింద కమ్మరి మీదే పడేది.

ఈ వెలివేతకు వారు తమ వైపు నుంచి శుచి నియమాలతో బదులిచ్చారు. పల్లెలు నీటి ఒడ్డున కట్టుకునేవారు. బయటివారిని తాకితే స్నానం చేశాకే ఇంట్లోకి రావాలి. ముట్టయిన స్త్రీలు ఊరి అంచున రాళ్ల వలయం లోపలి గుడిసెలో ఉండేవారు. శుక్రవారం పొద్దు గుంకకముందే పొయ్యి ఆరిపోయేది. శనివారమంతా చల్లటి తిండే. పస్కాకు గొర్రెను బలి ఇచ్చేవారు. పదిహేనో శతాబ్దంలో అబ్బా సబ్రా అనే క్రైస్తవ సన్యాసి వీరిలో కలిసిపోయి సన్యాసి మఠాలు నెలకొల్పాడని చెబుతారు. మధ్యయుగాల నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో మరే యూదు సమాజంలోనూ ఇలాంటి మఠ సంప్రదాయం వేళ్లూనలేదు. వారి పవిత్ర గ్రంథం ఓరిత్ హీబ్రూలో ఉండదు, ప్రాచీన ఇథియోపియా భాష గీజ్‌లో ఉంటుంది. చుట్టలా కాక తోలు పుటల పుస్తకంలా ఉంటుంది. రబ్బీల ధర్మ సంకలనం తాల్ముద్, హనుక్కా పండుగ అప్పట్లో వారికి తెలియవు.

వారి విశ్వాసమంతా సిగ్ద్ పండుగనాడు కళ్లకు కట్టేది. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ తర్వాత యాభయ్యో రోజున ఊళ్లన్నీ తెల్లబట్టలు కట్టుకుని ఉపవాసంతో కొండెక్కేవి. కొందరు వినమ్రతకు గుర్తుగా తలమీద రాయి పెట్టుకుని నడిచేవారు. రంగురంగుల గొడుగుల కింద కేస్‌లనే పురోహితులు గీజ్‌లో ఓరిత్ చదివి, జనానికి అర్థమయ్యే భాషలో వివరించేవారు. అందరూ జెరూసలేం దిక్కుకు తిరిగి, అక్కడికి చేరే రోజు రావాలని ప్రార్థించేవారు. మధ్యాహ్నం దాటాక పాడుతూ దిగివచ్చి ఉపవాసం విడిచేవారు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రార్థన అడుగుల్లోకి దిగింది. లండన్ మిషనరీలు 1860 ప్రాంతంలో మతమార్పిడి మొదలుపెట్టారు. ఆ ఒత్తిడి మధ్య 1862లో అబ్బా మహరి అనే సన్యాసి మాట మీద వేలమంది ఎర్ర సముద్రం వైపు నడిచారు, జెరూసలేం చేరాలని. తిగ్రాయ్‌లో ఆకలికీ రోగాలకూ చాలామంది బలయ్యారు. 1888-92 మధ్య పశువుల మహమ్మారి, అనావృష్టి, మిడతలు కలిసి తెచ్చిన మహా కరువులో బేత ఇజ్రాయెల్ జనాభాలో పెద్ద భాగమే తుడిచిపెట్టుకుపోయింది. 1904లో వచ్చిన యూదు పండితుడు జాక్ ఫైట్లోవిచ్ బడులు పెట్టించి, తామ్రాత్ ఇమ్మానుయేలు వంటి యువకుల్ని యూరప్ చదువులకు తీసుకెళ్లాడు. లోకంలోని యూదులతో సంబంధం అలా ఏర్పడింది.

అయినా 1948లో ఏర్పడిన ఇజ్రాయెల్ తలుపు తెరవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 1973లో సెఫార్దీ ప్రధాన రబ్బీ ఒవాదియా యోసెఫ్, పాత బెన్ జిమ్రా తీర్పు ఆధారంగా, వీరు యూదులేనని ప్రకటించాడు. 1975లో యూదులకు ఇజ్రాయెల్ పౌరసత్వమిచ్చే 'తిరిగివచ్చే హక్కు' చట్టం వీరికీ వర్తించింది. అప్పటికే ఇథియోపియాలో సైనిక పాలన వచ్చి దారులు మూసుకుపోయాయి. వేలమంది రాత్రిళ్లు నడిచి సూడాన్ శిబిరాలకు చేరారు. అరబ్ లీగ్ సభ్యదేశంలో తాము యూదులమని బయటపెట్టే వీల్లేదు. ప్రార్థన కూడా లోలోపలే. దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4,000 మంది చనిపోయారు. 1984 నవంబరు నుంచి 1985 జనవరి వరకు ఆపరేషన్ మోసెస్‌లో సుమారు 8,000 మందిని ఖార్టూమ్ నుంచి బ్రస్సెల్స్ మీదుగా తరలించారు. వార్త పొక్కడంతో అది ఆగిపోయి, ఎన్నో కుటుంబాలు రెండుగా చీలిపోయాయి.

1991 మే 24, 25 తేదీల్లో, ఇథియోపియా సైనిక పాలకుడు మెంగిస్తు పారిపోయిన కొద్దిరోజులకే, ఆపరేషన్ సోలమన్ జరిగింది. 36 గంటల్లో 14,000 మందికి పైగా అడిస్ అబాబా నుంచి ఇజ్రాయెల్ చేరారు. సీట్లు పీకేసిన ఒక్క బోయింగ్ 747లోనే వెయ్యి మందికి పైగా కూర్చున్నారు. నుదుట అంకెల చీటీలు; చేతుల్లో దాదాపు ఏమీ లేదు. దారిలో విమానాల్లోనే కొందరు పసివాళ్లు పుట్టారు.

చేరాక పాత ప్రశ్నే మళ్లీ ఎదురైంది. పెళ్లిళ్లు నమోదు కావాలంటే శుద్ధి స్నానం చేయాలని రబ్బీలు పట్టుబట్టగా, 1985లో ఇథియోపియా యూదులు జెరూసలేంలో వారాల తరబడి బైఠాయించారు. ఎయిడ్స్ భయంతో ఇథియోపియన్లు దానమిచ్చిన రక్తాన్ని రహస్యంగా పారేస్తున్నారని 1996లో తెలిసి వేలమంది వీధుల్లోకి వచ్చారు. 2015లో, 2019లో పోలీసుల దౌర్జన్యం మీద మళ్లీ తిరగబడ్డారు. మరోవైపు 2008లో సిగ్ద్ జాతీయ పండుగ అయింది. మూడేళ్ల పసిపిల్లగా ఆపరేషన్ మోసెస్‌లో వచ్చిన ప్నీనా తమానో-షాతా 2020లో మంత్రి అయింది. మతం మారిన పూర్వీకుల సంతతైన ఫలాష్ ముర మాత్రం గోందార్, అడిస్ అబాబాల్లో ఏళ్ల తరబడి ఎదురుచూపుల్లోనే గడిపారు.

శత్రు రాజుల లేఖకులు, మిషనరీలు, రబ్బీలు, అధికారులు ఇంతకాలం ఈ జనం కథ రాశారు. ఇప్పుడు హీబ్రూలోనూ అంహారిక్‌లోనూ వారి పిల్లలే కథలు, సినిమాలు, పరిశోధనలు చేస్తున్నారు. గీజ్ చదవగల కేస్‌ల తరం వృద్ధాప్యంలో ఉంది. వారి జ్ఞాపకాలను ఇప్పుడే నమోదు చేయాలి. ఇజ్రాయెల్ బడుల్లో యూదుల చరిత్ర చెప్పేటప్పుడు వార్సా, బాగ్దాద్‌లతో సమానంగా గోందార్‌కూ పాఠం ఉండాలి. ఆరు శతాబ్దాలుగా ఋజువు చూపుతూ వచ్చినవారికి సమాజం చెల్లించాల్సిన బాకీ అది.