ఏటేటా సూది ఏంది?

నల్లగొండలో ఉండే మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. షుగర్ ఉంది. ఫ్లూ టీకా వేయించుకోమని ఫోన్ చేస్తే ఒకటే మాట అడిగింది: "పోయినేడు ఏసుకుంటి గద బిడ్డా, మళ్ల ఏటేటా సూది ఏంది?" ఈ ప్రశ్నకు జవాబు వందేళ్ల వెనక మొదలవుతుంది.

1911 లెక్కల్లో హైదరాబాద్ సంస్థానం జనాభా 1,33,74,676. 1921లో 1,24,71,770. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు ఆ సంస్థానం జిల్లాలే. పెరగాల్సిన జనాభా తొమ్మిది లక్షలు తగ్గింది. అంతా ఒక్క జబ్బు పనే అనలేం. ప్లేగు ఉంది, 1918లో వానలు కూడా లేవు. కానీ పెద్ద దెబ్బ మాత్రం ఆ ఏటి ఇన్‌ఫ్లుయెంజాదే. జూన్‌లో బొంబాయి రేవులో మొదలై, సెప్టెంబరుకల్లా మరింత ప్రాణాంతకంగా మారి, రైలు దారుల వెంట లోపలి ఊళ్లకు పాకింది. దేశంలో కోటి మందికి పైగానే పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇరవై, నలభై ఏళ్ల మధ్యవాళ్లు, అంటే కష్టం చేసే చేతులు. మన ప్రాంతపు కథల్లో గడీలున్నాయి, రజాకార్లున్నారు. ఈ జ్వరం మాత్రం, నేను చదివినంతలో, దాదాపు లేదు.

అప్పటికి టీకాలు తెలియక కాదు. హాఫ్కిన్ 1897లోనే బొంబాయిలో ప్లేగు టీకా చేశాడు. 1918లో ఫ్లూకీ టీకాలు చేశారు. కాకపోతే దోషి అనుకున్నది ఒక బాక్టీరియాని. అసలు దోషి అయిన వైరస్ లండన్‌లో దొరికింది 1933లో. అమెరికాలో టీకాకు అనుమతి 1945లో. రెండేళ్లకే, 1947లో, ఆ టీకా పనిచేయకుండా పోయింది. వైరస్ మారిపోయింది మరి.

అమ్మ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఫ్లూ వైరస్ తన జన్యువుల్ని కాపీ చేసుకునేటప్పుడు తప్పులు సరిచూసుకోదు. మా భాషలో, టెస్టింగ్ లేని రిలీజ్. పైపొర ప్రోటీన్ల రూపు కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. నిరుటి యాంటీబాడీలు ఈ ఏటి ముఖాన్ని సరిగ్గా గుర్తుపట్టవు. పైగా వాటి బలం కూడా తగ్గుతుంటుంది. అందుకే 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ల్యాబ్‌లతో నిఘా నడుపుతోంది. ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. 2009 మే నెలలో మన దేశపు మొదటి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆ వైరస్ వారసులు నేటి టీకాలోనూ ఉన్నాయి.

సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. పూర్తిగా ఆపుతుందని కాదు. ఆస్పత్రిపాలు కావడం, చావు తగ్గుతాయి. ముందుగా వేయించుకోవాల్సింది ముసలివాళ్లు, గర్భిణులు, ఆరు నెలలు దాటిన చిన్నపిల్లలు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, ఆస్పత్రి సిబ్బంది.

ఇదంతా విని అమ్మ "గట్ల జెప్పు మరి" అంది. సూది వేయించుకుంది, నా డబ్బుతో. ఈ టీకా మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. పాలమూరు నుంచి పడుచువాళ్లు వలసపోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ పసిపిల్లలే, అంటే సరిగ్గా ఈ జాబితాలోని మనుషులే. 1921లో లెక్కలో లేకుండా పోయినవాళ్లకు టీకా లేదు. వీళ్లకు ఉంది, కానీ అందదు.