పేరు చెబితే గుట్ట తెలిసేది

నల్లగొండ పల్లెల్లో పాత ఓటరు జాబితా ఏది తిరగేసినా యాదగిరి, యాదయ్య, యాదమ్మ వరుసగా తగులుతారు. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కితే పుట్టినోళ్ల పేర్లవి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల మీద పాట కట్టిన బండి యాదగిరిదీ ఆ గుట్ట పేరే. పాలమూరు దిక్కు పోతే యాదయ్యలు తగ్గి కురుమయ్యలు, కురుమన్నలు మొదలవుతారు. చిన్నచింతకుంట దగ్గరి గుట్టల్లో వెలసిన కురుమూర్తి స్వామి చలువ అది. దీపావళి వెళ్లాక జరిగే జాతరలో స్వామి ఉద్దాలు (పాదరక్షలు) ఊరేగివస్తే కళ్లకద్దుకోవడానికి జనం విరగబడతారు.

నాకు ఎక్కువ ఇష్టమైన పేరు మాత్రం సైదులు. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి, కందూరు (మొక్కు విందు) చేసి, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే హిందూ కుటుంబాలు ఎన్నో. అందుకే ఇక్కడ సైదులు, సైదమ్మలే కాదు, సైదిరెడ్డిలూ ఉన్నారు. పీరు పేరు పక్కన రెడ్డి చేరితే ఈ ప్రాంతంలో ఎవరూ వింతగా చూడరు.

అన్ని పేర్లూ భక్తితో వచ్చినవి కావు. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టేవారు. పక్కింటామె ఎత్తుకొచ్చి తల్లి ఒడిలో వేసేది. పారేసిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని ఆశ. ఆ బిడ్డే పెంటయ్య, లేదా పెంటమ్మ. చైనా పల్లెల్లోనూ ఇదే భయం, ఇదే ఉపాయం: కుక్క కూడా ముట్టక వదిలేసిందనే అర్థంలో కొడుకును ‘గౌషెంగ్’ అని పిలిచేవారు. పసిబిడ్డల చావులు ఎక్కువైన చోట తల్లులు ఎక్కడైనా ఒక్కలాగే ఆలోచించారు.

రాజకీయం కూడా ఉయ్యాల దాకా వచ్చింది. 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన ఆడపిల్లకు, గాంధీ ఉద్యమం ఊపులో స్వరాజ్యం అని పెట్టారు. ఆమే తర్వాత ఆ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం.

ఇప్పటి బడి రిజిస్టర్లలో ఈ పేర్లు అరుదు. యాదయ్య మనవడికి విహాన్ అని పెట్టుకోవడం తప్పేమీ కాదు. పెంటమ్మ అనే పేరు పోవడమైతే మంచిదే, పసివాళ్లు బతుకుతున్నారు గనుక. అయితే ఆధార్ కార్డు మీద పేరు ఉంటుందే తప్ప దాని వెనకున్న మొక్కు ఉండదు. మీ ఇంట్లో సైదమ్మో కురుమయ్యో ఉంటే, ఆ పేరు ఎందుకు పెట్టారో ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టుకోండి.