జూదానికి స్వీయ నిషేధం

మన నిజాం రాజ్యంలో జూద నిషేధ చట్టం 1305 ఫసలీలోనే వచ్చింది. ఆ చట్టం కింద నడిచిన సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అన్నది. 2017లో తెలంగాణ ప్రభుత్వం పందెపు రమ్మీని సైతం నిషేధించింది.

ఇవి సర్కారు పెట్టిన నిషేధాలు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1996 నుండి జూదరి తనంతట తానే జాబితాలో పేరు రాయించుకుంటే కాసినోలోకి రానివ్వరు. సింగపూరులో కుటుంబ సభ్యులు కూడా అర్జీ పెట్టవచ్చు.

నా ఉద్యోగకాలంలో ఇబ్రహీంపట్నంలో జీతాల రోజున కొందరు ఇల్లాళ్ళు ఆఫీసు గేటు దగ్గర నిలబడేవారు. జీతం పేకాటకు పోకముందే అందుకోవాలని వారి ఆరాటం. మనకు అటువంటి జాబితా లేదు. కనుక మిత్రులారా, వ్యసనమున్నవారు పెన్షను ఖాతాను భార్యతో జాయింటుగా మార్చుకుని, పాసుపుస్తకం, ఏటీఎం కార్డు ఆమె చేతికివ్వాలి. మనకు అందుబాటులో ఉన్న స్వీయ నిషేధం అదే.