మొదటి మెట్టు ఎటు పోయింది? రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఏఐ దాకా

నర్సీపట్నంలో డిగ్రీయో బీటెక్కో చివరి ఏడాది చదువుతున్నవాళ్లని ఎవరిని కదిపినా ఇప్పుడు ఒకటే మాట. "ఫ్రెషర్ చేసే పని ఏఐ చేసేస్తుంటే, ఇంక ఫ్రెషర్‌ని ఎవరు తీసుకుంటారు?" న్యాయమైన ప్రశ్నే. కానీ మన రాష్ట్రానికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1998లో ఒకసారి వచ్చింది. ఏ ఐటీ కంపెనీలోనో కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో.

అంతకుముందు పొలం రిజిస్ట్రేషన్ ఎలా జరిగేదో మీ తాతగార్ని అడగండి. స్టాంపు డ్యూటీ లెక్క చేత్తోనే కట్టేవారు. దస్తావేజు మొత్తాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒక లావాటి పుస్తకంలోకి చేత్తోనే ఎక్కించేవారు. ఆ పనికే కాపీయిస్టులు ఉండేవారు. అది పూర్తయ్యేదాకా అసలు కాగితం మన చేతికి వచ్చేది కాదు, రోజులు పట్టేది. ఈసీ కావాలంటే ఏళ్లకేళ్ల ఇండెక్సులు తిరగెయ్యాల్సిందే.

చూడ్డానికి బుర్ర అక్కర్లేని పని. కానీ వంద దస్తావేజులు రాసిన కుర్రాడికి సర్వే నంబరు అంటే ఏంటో, హద్దులు ఎలా రాయాలో, అన్నదమ్ముల వాటాల్లో పేచీ ఎక్కడ పుడుతుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. ఆఫీసు బయట దస్తావేజు లేఖరుల దగ్గర కూడా అంతే. పెద్దాయన చెప్తుంటే పక్కన కూర్చున్న కుర్రాడు ఫెయిర్ కాపీ రాసేవాడు. రాస్తూ రాస్తూ పని నేర్చుకునేవాడు. అది చిన్న పనే, కానీ మొదటి మెట్టు అదే.

1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే ప్రాజెక్టు మొదలైంది. రిజిస్ట్రేషన్ శాఖని కంప్యూటర్లలోకి తేవడమే దాని పని. లెక్క కంప్యూటర్ కట్టింది. నకలు స్కానర్ తీసింది. రోజులు పట్టే పని ఒక గంటలో అవ్వాలన్నది లక్ష్యం. జనానికి మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. కాకపోతే, నేర్చుకునే మెట్టు కూడా దాంతోపాటే పోయింది.

ఇక్కడే ఒక విచిత్రం. సరిగ్గా అదే నెల, నవంబర్ 22న, హైదరాబాద్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఒకే నెలలో ఒక తలుపు మూసుకోవడం మొదలైంది, ఇంకో తలుపు తెరుచుకుంది. కాకపోతే కొత్త తలుపు దగ్గరికి వెళ్లాలంటే ముందు అమీర్‌పేట వెళ్లాలి. కోర్సు ఫీజు, హాస్టల్ అద్దె, మెస్ బిల్లు అన్నీ ఇంట్లోవాళ్లే కట్టాలి. అంతకుముందు తరం కూడా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి ఫీజు కట్టి లోయరూ హయ్యరూ పాసయింది, నిజమే. కానీ అది ఊళ్లోనే ఉంటూ కట్టుకునే చిన్న ఫీజు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మెషీన్ వచ్చినప్పుడల్లా పని మొత్తం పోలేదు. నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రం ఆఫీసు నుంచి మన ఇంటి మీదకి జరుగుతూ వచ్చింది.

మధ్యలో ఒక మంచి కాలం వచ్చింది. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లని వేలల్లో తీసుకుని, జీతమిస్తూ నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చాయి. ఎందుకంటే వాళ్లకి వచ్చిన పని అలాంటిది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు కాబట్టి 2000 వచ్చేలోగా వాటిని సరిచెయ్యాలి. అదే వైటూకే. ఆ తర్వాత టెస్టింగ్, మెయింటెనెన్స్, సపోర్ట్. చేసిందే మళ్లీ చేసే పని, చాలామంది చెయ్యాల్సిన పని. కాపీయిస్టు పని లాంటిదే! కుర్రాళ్లు చేస్తూ నేర్చుకున్నారు.

ఇప్పుడు ఏఐ సరిగ్గా ఆ పని మీదే కూర్చుంది. చాట్‌జీపీటీ బయటికి వచ్చింది 2022 నవంబర్ 30న. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల రికార్డులు చూసి ఒక మాట చెప్పారు. ఏఐ ప్రభావం ఎక్కువున్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉపాధి మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గింది. అవే ఉద్యోగాల్లో అనుభవం ఉన్నవాళ్లకి అలాంటి దెబ్బ కనిపించలేదు. అది అమెరికా లెక్క, మనకి అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ తీరు చూడండి: మేడ అలాగే ఉంది, కింది మెట్టే విరుగుతోంది.

మన ఊళ్లో మాత్రం? 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలై, లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. సర్టిఫికెట్ల కోసం జనం అక్కడికే వెళ్లారు. 2025 జనవరి 30న 'మన మిత్ర' వచ్చింది, వాట్సాప్‌లోనే 161 సేవలు. కౌంటర్ దగ్గర జరిగే పని మెల్లగా ఫోన్‌లోకి వచ్చేస్తోంది.

మరి ఏం చెయ్యాలి? ఒకసారి రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరికి వెళ్లి చూడండి. కార్డ్ వచ్చి పాతికేళ్లు దాటినా దస్తావేజు లేఖరులు ఇంకా ఉన్నారు. చేతిరాత పోయి ప్రింటవుట్ వచ్చింది, అంతే. జనం వాళ్లకి డబ్బులిచ్చేది టైపు కొట్టినందుకు కాదు, "ఇందులో తేడా రాదు కదా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పినందుకు. మీరు కోడ్ రాసినా, లెక్కలు చూసినా ముందు ఒకసారి సొంతంగా చెయ్యండి, తర్వాత ఏఐతో చేయించండి, రెండూ పక్కపక్కన పెట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోండి. ఆ పట్టుకునే చూపుకే రేపు జీతం.

రెండోది, ఏఐ కోర్సని ఎవరైనా ఫీజు అడిగితే, నిజమైన పని ఎవరి దగ్గర చేయిస్తారో ముందు అడగండి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. దాని కింద ఐటీఐ వాళ్లకే కాదు, డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్లకీ స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది. ఆ స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది. ఫీజు కట్టే ముందు అది వెతకండి.

చివరిగా ఒక మాట. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. డేటా సెంటర్ కట్టేటప్పుడు చాలామంది కావాలి, నడిపేటప్పుడు తక్కువమంది చాలు. అందుకే "ఎన్ని ఉద్యోగాలు?" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. "మా పిల్లల్లో ఎంతమందికి జీతమిచ్చి పని నేర్పుతారు?" అని కూడా అడుగుదాం. 1998లో ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ బిల్లు మన ఇళ్లకే వచ్చింది.

మీ ఇంట్లో మొదటి ఉద్యోగం ఎవరిది, ఆ పని వాళ్లకి ఎవరు నేర్పారు? ఈ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగి చూడండి. మళ్లీ కలుద్దాం.