హుండీయు వై-ఫైయు

పూర్వము మన వర్తకులు రొక్కము మోయక, హుండీ చూపి పరస్థలమున సొమ్ము పొందుచుండిరి. అచ్చటి షావుకారు బాటసారి నెరుగడు. హుండీ వ్రాసినవాని నెరుగును. ఆ నమ్మకమే చాలును. వై-ఫై చరిత్రమును నిట్టిదియే.

1985లో అమెరికా ప్రభుత్వము కొన్ని రేడియో తరంగములను లైసెన్సు లేకయే వాడుకొన ననుమతించెను. 1997లో వై-ఫైకి మూలమైన ప్రమాణ మేర్పడెను. మన దేశమున 2005లో 2.4 గిగాహెర్ట్జు తరంగములకు లైసెన్సు తొలగెను. అయినను ఒకచోటి సంకేతపదము వేరొకచోట చెల్లకుండెను.

2002లో హాలెండు దేశమున క్లాస్ వీరెంగా యనునాయన విద్యాలయముల కొక యుపాయము చెప్పెను. పరాయి విద్యార్థి వచ్చినచో నచ్చటివా రతనిని తామే పరీక్షింపరు. అతని సొంత విద్యాలయమునే యడుగుదురు. “మావాడే” యని జవాబు వచ్చినంతనే ఇంటర్నెట్టు దొరకును. సంకేతపదము మాత్రము ఆతిథేయులకు తెలియదు. ఎడ్యురోమ్ అను నీ యేర్పాటు నేడు నూరు దేశములకు మించి వ్యాపించినది.

మన కేంద్ర మంత్రివర్గము 2020 డిసెంబరు 9న పీఎం-వాణి పథకము నామోదించెను. చిన్న కొట్టువాడును లైసెన్సు రుసుము లేక వై-ఫై అమ్మవచ్చును. ఒక యాప్‌లో నమోదైనవాడు ఇతరుల వై-ఫై తావులందును ప్రవేశింపగలుగవలెనని దాని యుద్దేశము.

పెద్దలారా, పట్టణమునకు పోయినప్పుడు పేరెరుగని వై-ఫై యేదైన మిమ్ము బ్యాంకు సంకేతపద మడిగినచో నీయకుడు. హుండీని దారిని పోవువాని చేతి కెవ్వరిత్తురు?